కొత్త అయ్యేదాకా

ఉద్యోగమంతా నిలబడే చేశాను నేను. కండక్టరుకి సీటు ఉంటుందని లోకం అనుకుంటుంది గానీ, ఇల్లందు బస్సు పొద్దుటి ట్రిప్పు ఎక్కి చూస్తే తెలుస్తుంది ఆ సీటులో ఎవరు కూర్చుంటారో. నా సీటులో ఎప్పుడూ ఓ బాలింతో, ఓ కోళ్ళ గంపో ఉండేది. రిటైరయ్యాక డాక్టరు నా మోకాళ్ళు నొక్కి చూసి, "రోజూ పొద్దున్నే నడవండమ్మా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ఇన్నేండ్లు నేను చేసింది ఏంది సార్ మరి?" అన్నాను. ఆయన నవ్వి ఇంకో మాత్ర రాసిచ్చాడు.

అలా పార్కుకి వెళ్ళడం మొదలైంది. ఖమ్మంలో మా కాలనీ పార్కు పేరున్నదేమీ కాదు. ఇళ్ళ మధ్య మిగిలిపోయిన స్థలానికి కంచె వేసి, చుట్టూ నడవడానికి బాట పరిచి, కానుగ, బాదం, గన్నేరు నాటారు. ఓ మూల బోరు మోటారు గది, దాని పక్కన ఒకే ఒక్క మామిడి చెట్టు. పార్కు కంటే ముందు నుంచీ ఉందంటారు అది.

ఈ కాస్త పచ్చదనం మీద జనానికి ఎంత ప్రాణమో చూస్తే గానీ నాకు తెలియలేదు. పొద్దున వచ్చేవాళ్ళంతా షుగరు, బీపీ వాళ్ళు. సాయంత్రమైతే పిల్లలు, పిల్లల తల్లులు, కానుగ చెట్ల కింద పుస్తకాలు పరుచుకుని ఉద్యోగ పరీక్షలకు చదివే కుర్రాళ్ళు. ఒకాయన ఫోన్ స్పీకర్లో పెట్టి కొడుకుతో పోట్లాడుతూ నడుస్తాడు. ఆ ఇంట్లో ఏ కూర వండారో కూడా మా అందరికీ తెలుసు. ఇంకొకాయన అందరూ తిరిగే వైపు కాకుండా ఎదురు తిరుగుతాడు, అదేదో ఆరోగ్యమట. ఇళ్ళలో నోరు విప్పని ఆడవాళ్ళు ఇక్కడ పగలబడి నవ్వుతారు. ఏసీలున్న ఇళ్ళ వాళ్ళు కూడా ఎండాకాలం వచ్చి చెట్టు కింద కూర్చుని "అబ్బ, గాలి!" అంటారు. నాకు ఆ మాట వింటే హాయిగా ఉంటుంది.

ఒక్కటే నాకు గిట్టేది కాదు. బెంచీల మీద కర్చీఫులు. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపుకునే వాళ్ళతో జన్మంతా పోట్లాడి వచ్చాను. ఇక్కడా అదే! నడిచేవాళ్ళు బెంచీ మీద కర్చీఫ్ పరిచి వెళ్ళేవారు, తిరిగి వచ్చి కూర్చోవడానికి.

తర్వాత నేను అక్కా అని పిలవడం మొదలుపెట్టిన పెద్దామెను మొదట చూసింది ఆ కర్చీఫ్ పంచాయితీలోనే. చలికాలం చివర్లో ఒక పొద్దున, ఒకమ్మాయి తన తల్లిని స్కూటీ మీద తెచ్చి గేటు దగ్గర దింపింది. పెద్దామె చేతికర్ర పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, బెంచీ మీద కర్చీఫ్ చూసి నిలబడిపోయింది. నేను కర్చీఫ్ తీసి పక్కన పెట్టి కూర్చోబెట్టాను. అంతలో కర్చీఫ్ గలాయన వచ్చాడు. పార్కు కమిటీ ప్రెసిడెంటు, ఎరువుల దుకాణం ఉన్న మనిషి. వాళ్ళ నాన్న కాలంలో కృష్ణా వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. కోపంలో కూడా "అండీ" లేకుండా మాట్లాడలేడు.

"ఏమండీ, అది నేను వేసుకున్నదండీ," అన్నాడు.

"టికెట్ ఉన్నదా సార్?" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ఆ రోజు నుంచి ఆయన నన్ను "కండక్టరమ్మా" అనడం, నేను ఆయన మీద విసుక్కోవడం మామూలైపోయింది. ఆ బెంచీ మాత్రం అక్కదైంది.

అక్క ఊరు చండ్రుగొండ దాటాక రోడ్డు దిగి అడివిలోకి పోవాల్సిన పల్లె. ఆ స్టేజీ నాకు తెలుసు. అక్కడ దిగేవాళ్ళ మూటలు ఎన్నోసార్లు పైకప్పు మీంచి దింపించాను. పొలం గట్టు మీద జారి పడి తుంటి ఎముక విరిగితే, ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. కూతురు ఇక్కడ ఒక దవాఖానాలో నర్సు. కాలు కుదిరేదాకా కూతురి కిరాయి ఇంట్లో ఉండాలి, రోజూ నడవాలి. కూతురు డ్యూటీకి వెళ్తూ పార్కులో దింపి వెళ్ళేది. తిరిగి ఇంటి దాకా నేను తోడు వెళ్ళేదాన్ని.

"మీ ఖమ్మంల చెట్లకు కూడ లైన్ల నిలబడుడు నేర్పిన్రు చెల్లె," అంది మొదటి రోజే కానుగ చెట్లు చూసి. ఎప్పుడూ "మీ ఖమ్మం", "మీ పార్కు" అనేది. "కాలు కుదరంగనే పోత. వానలు పడే యాళ్ళకు మా ఊర్ల ఉండాలె," అనేది. పోతానన్న మాట వినగానే నాకు దిగులేసేది. మా ఇంట్లో నాకు జవాబు చెప్పేది టీవీ ఒక్కటే. ఈమె దగ్గరైతే గంటలు గంటలు గడిచేవి. ఆమె కొంచెం మాట్లాడేది, నేను మస్తు మాట్లాడేదాన్ని.

ఉగాది నాడు మేమిద్దరం మాట్లాడుకోవడం మానేశాం. తప్పు ఎవరిదీ కాదు. పొద్దున్నే లేచి, కొత్త చింతపండు, కొత్త బెల్లం, వేపపువ్వు, మామిడి ముక్కలు వేసి పచ్చడి చేసి, స్టీలు గ్లాసులో పోసుకుని ఆమె కోసం తెచ్చాను. ఆమె గ్లాసు అందుకుని, వాసన చూసి, మూత పెట్టేసింది.

"మామిడికాయ ఏసినవా?"

"ఉగాది పచ్చట్ల మామిడికాయ ఎయ్యక సొరకాయ ఏస్తరా అక్కా?"

"నాకు వద్దు చెల్లె. ఇంక కొత్త కాలే."

"ఏందీ? ఇయ్యాల కోసిన కాయ అక్కా! కొత్తది కాకపోతే పాతదా?" అని గ్లాసు లాక్కుని వచ్చేశాను. నా చేతి పచ్చడి వద్దనేవాళ్ళు ఇంతవరకు లేరు. కోపం కాదు, గుండెలో కలుక్కుమంది.

మర్నాడు ఆమే పిలిచి కూర్చోబెట్టుకుంది. "కొత్త అంటే గది కాదు చెల్లె," అని నిదానంగా చెప్పింది. "మా దిక్కు ఏ కాయైనా, ఏ గింజైనా, ఊరంత కలిసి కొత్త చెయ్యకముందు ముట్టం. మొదలు సచ్చిపోయిన మా పెద్దలకు పెట్టాలె, తర్వాత అందరు కలిసి తినాలె. ఒగలు ముందు తిని ఒగలు ఎనక తినుడు ఉండది. మామిడి కొత్త ఎప్పుడో మా ఊరి పెద్ద చెప్తడు. అప్పటిదాంక చెట్టు కింద పడ్డ కాయ కూడ నోట్ల పెట్టం."

నాకు అప్పుడు వెలిగింది. ఎండాకాలం మొదట్లో ఆ స్టేజీలో ఎక్కే ఆడవాళ్ళ దగ్గర చింతపండు ఉండేది, విస్తరాకుల కట్టలు ఉండేవి, మామిడికాయ మాత్రం ఉండేది కాదు. ఇంటి ముందు చెట్టు విరగకాసి ఉన్నా సరే. పిచ్చి మొహాలు అనుకునేదాన్ని. ఇదన్నమాట సంగతి!

"మరి ఈ ఏడు ఎట్ల?" అన్నాను.

"రోడ్డు దిగినంక మట్టి బాట మీద ఆటోల కూసుంటే ఈ రాడ్డు ఉంటదా? డాక్టర్ వద్దన్నడు," అని మామిడి చెట్టు వైపు చూసింది. "నా పుట్టుకల కొత్త తప్పిన ఏడు లేదు చెల్లె. ఈ ఏడు లేనట్టే."

ఏడవలేదు. మామూలుగానే అంది. నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఊర్ల చేసినంక ఈడ తినరాదా?"

"తినొచ్చు. మా తమ్ముడు ఫోన్ జేసి చెప్తడు. గని నా ఒక్కదానికి కొత్త ఎట్లయితది? అందరు ఆగాలె, అందరు తినాలె. మీ ఖమ్మంల ఎవరాగుతరు?"

ఆగేది ఎవరు! మా పార్కు మామిడి చెట్టు సంగతి నాకు తెలియదా? అది ప్రతి ఏడూ కాసేది, ఒక్క ఏడూ కాయ ముదిరేది కాదు. రేపు ఎవడో కోసుకుపోతాడని ఇవాళే కోసేసేవాళ్ళు. ఆ ఎవడో కూడా ఇదే ఆలోచించి నిన్ననే వచ్చి ఉండేవాడు. ఉసిరికాయంత పిందెలప్పుడే రాళ్ళు పడేవి. ప్రెసిడెంటు గారైతే చిక్కం కట్టిన గెడ ఇంటి నుంచే తెచ్చేవాడు. "పూలు కోయరాదు" అనే బోర్డు కింద నిలబడి పూజకు పూలు కోసుకుని కవర్లో వేసుకునే జనం మేము.

ఆ వారంలోనే ఆయన గెడ పట్టుకుని రానే వచ్చాడు. చెట్టు మీద గెడ పెట్టగానే అక్క "అయ్యో, అయ్యో" అంటూ కొంగు మొహం మీదికి లాక్కుంది. కర్ర తీసుకుని లేచింది. "ఇంటికి పోత చెల్లె. ఇది చూసుకుంట కూసునుడు నాతోని కాదు," అంది.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. బస్సులో వెనక డోరు దగ్గర వేలాడేవాళ్ళకి వినపడేలా అరిచిన గొంతు నాది. "ఆగున్రి! కొత్త అయ్యేదాకా కాయలు ముట్టొద్దు!" అని అరిచాను. పార్కంతా ఆగిపోయింది. ఎదురు నడిచే ఆయన కూడా ఆగాడు.

ప్రెసిడెంటు గెడ దించి, "కొత్తేంటండీ కండక్టరమ్మా?" అన్నాడు.

"కొత్త అంటే కొత్తనే. ఎవరెవరో ఎప్పుడుబడితే అప్పుడు కోసుకపోవుడు కాదు. ఒక దినం పెట్టుకొని, కాయ ముదిరినంక అందరం కలిసి కోసుకుందం. ఒక బోర్డు రాయించున్రి సార్, మీరు గద ప్రెసిడెంటు!"

ఆయనకూ రాళ్ళ గోల విసుగ్గానే ఉంది. కిందటి ఏడు ఒక రాయి వచ్చి ఆయన కళ్ళద్దాలకే తగిలింది. "అలాగేనండీ," అని అక్కడే పెయింటరుకి ఫోన్ చేశాడు. నేను అరిచిన మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. పెయింటరు ఇంకా బుద్ధిమంతుడు. పైన ఎర్ర అక్షరాలతో "హెచ్చరిక" అని రాసి, కింద "కొత్త అయ్యేదాకా కాయలు ముట్టరాదు" అని రాసి, చెట్టు ముందు గుంజ పాతి బిగించిపోయాడు.

ఇక చూడాలి తమాషా! వచ్చినవాడల్లా బోర్డు ముందు నిలబడడమే. "కొత్త ఏంది? కొత్త కమిటీ వచ్చేదాకనా?" అని ఒకడు. "కొత్త మందేదో కొట్టిన్రట" అని ఉయ్యాల దగ్గర అమ్మలు పిల్లల్ని దూరంగా లాక్కునేవారు. పరీక్షల కుర్రాళ్ళు కొత్త జీవో అన్నారు. స్పీకర్ ఫోను ఆయన, "ఒరే, ఇక్కడ కాయలకి ఏదో కొత్త రోగం వచ్చిందటరా" అని కొడుక్కి చెప్తూ నడిచాడు. నేను కొంటెదాన్ని, మొదట్లో ఎవరికీ నిజం చెప్పలేదు. అడిగినవాళ్ళకి "టైమొస్తే తెలుస్తది" అనేదాన్ని. భయానికో, అనుమానానికో, ఎవరూ చెట్టు జోలికి పోలేదు.

బోర్డు చదివి వినిపిస్తే అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కడుపారా నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి, "భయపడి ఆగితే కొత్త కాదు చెల్లె. తెలిసి ఆగాలె," అంది.

ఆ మాట నిజమే అనిపించింది. మర్నాటి నుంచి అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ చెప్పడం మొదలుపెట్టాను. ఇదిగో ఈమె ఉంది, ఈమెకి ఇది పండగ, అందరూ ఆగితేనే ఈమెకి కొత్త, లేకపోతే ఈ ఏడు ఈమెకి మామిడికాయ లేదు. అంతే చెప్పాను. కొందరు "ఓస్, ఇంతేనా" అన్నారు. ఒకావిడ మాత్రం "మా అమ్మమ్మ కూడ గిట్లనే చేసేది" అని బెంచీ మీద అక్క పక్కన కూర్చుండిపోయింది. పార్కులో పలకరింపే మారిపోయింది. "తిన్నరా", "నడిచిన్రా" పోయి, "కొత్త ఎప్పుడు?" అనేది వచ్చింది.

ఎప్పుడో మాకూ తెలియదు. అక్క రోజూ తమ్ముడికి ఫోన్ చేసేది. వాళ్ళు తమ కోయ భాషలో మాట్లాడుకునేవారు. నేను ఆమె మొహం చూసి తెలుసుకునేదాన్ని, ఇంకా కాలేదని. చెట్టు మీద కాయలు నిమ్మకాయంత అయ్యాయి, పిడికిలంత అయ్యాయి. ఆ చెట్టు కాయ అంత పెద్దదవుతుందని మాలో ఎవరికీ తెలియదు, ఎప్పుడూ చూసిందే లేదు. కొమ్మలు నడిచేవాళ్ళ భుజాలకు తగిలేటట్టు వంగాయి. జనం తలలు వంచుకుని పోయేవారు. చేయి చాస్తే అందే కాయ! నాకే నోరూరేది, అబద్ధమెందుకు. ప్రెసిడెంటు గారైతే చెట్టు దగ్గరికి రాగానే చేతులు వెనక్కి కట్టుకునేవాడు. "మా ఆవిడ ఆవకాయకి రోజూ పోరుతోందండీ. మీ కొత్త త్వరగా కానివ్వండి," అనేవాడు.

"మా చేతుల ఉన్నదా సార్? ఊరి పెద్ద చెప్పాలె."

"అయితే ఆ పెద్దాయన నంబరివ్వండి, నేనే మాట్లాడతా!"

చివరికి కబురు వచ్చింది. బుధవారం. ఫోన్ పెట్టేసి అక్క నా చేయి గట్టిగా పట్టుకుంది. బుధవారం అందరూ రావాలని నేను పార్కు చుట్టూ తిరిగి చాటింపు వేశాను.

మంగళవారం సాయంత్రం గాలిదుమారం లేచింది. మా ఇంటి రేకులు ఎగిరిపోతాయేమోనన్నంత గాలి, వెనకాలే వాన. కరెంటు పోయింది. నాకు రేకుల బెంగ లేదు. ఆ గాలికి చెట్టు మీద ఏమీ మిగలదు. కాయలన్నీ కింద పడి ఉంటాయి. పడిన కాయ కోసింది కాదు కదా, బోర్డు దానికి వర్తించదు అంటారు! పొద్దున గేటు తీయగానే మా జనం సంచులతో వాలతారు. ఇన్ని రోజులు ఆగింది నీళ్ళపాలు. అక్కకి ఏం చెప్పాలి? ఆమెని పార్కుకి రావద్దని ఫోన్ చేయాలా? నిద్ర పట్టలేదు.

తెల్లారగానే చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఉరికాను. గేటు తీసే ఉంది. నాకంటే ముందే జనం ఉన్నారు. చెట్టు చూస్తే బోసిగా ఉంది, రెండు కొమ్మలు విరిగి వేలాడుతున్నాయి. కింద బురద, ఆకులు. ఒక్క కాయ లేదు.

"అయిపోయిందా? పంచుకున్నరా?" అని గేటు దగ్గరి నుంచే అరిచాను.

ప్రెసిడెంటు గారు మోకాళ్ళ దాకా పంచె ఎగగట్టి బురదలో నిలబడి ఉన్నాడు. "అరవకండి కండక్టరమ్మా. ఇటు రండి," అన్నాడు.

అక్క బెంచీ మీద కాయలు కుప్పపోసి ఉన్నాయి. బోరు నీళ్ళతో కడిగి మరీ పెట్టారు. కుప్ప మీద ఆయన తువ్వాలు కప్పి ఉంది. పక్కన పరీక్షల కుర్రాళ్ళు పొదల్లో దొర్లిన కాయలు ఇంకా ఏరి తెస్తూనే ఉన్నారు. వాళ్ళెప్పుడూ పొద్దున రారు. స్పీకర్ ఫోను ఆయన ఫోను జేబులో పెట్టుకుని, రెండు చేతుల్లో కాయలతో నిలబడి ఉన్నాడు.

"తీసుకుపోదామనే సంచి తెచ్చానండీ," అన్నాడు ప్రెసిడెంటు, నా వైపు చూడకుండా. "తీరా వంగేసరికి చెయ్యి రాలేదు. ఇన్నాళ్ళు ఆగాం. కొత్త ఇవాళేగా?"

నాకు ఏడుపు వచ్చేసింది. అక్కడే, అందరి ముందు, బోరున ఏడ్చాను. ఆయన కంగారుపడి, కప్పిన తువ్వాలే తీసి నా చేతికి ఇచ్చాడు.

కాసేపటికి స్కూటీ ఆగింది. అక్క కొత్త చీర కట్టుకుని, కర్ర పొడుచుకుంటూ వచ్చింది. చెట్టు వైపు చూసి ఆగిపోయింది. తర్వాత బెంచీ వైపు చూసింది. "ఎవలు తినలేదా?" అంది.

"ఎవలు తినలే అక్కా," అన్నాను. "ఒక్కలు కూడ తినలే."

ఆమె కుప్ప పక్కన కూర్చుని ఒక కాయ తీసుకుని చీర కొంగుతో తుడిచి, దాన్నే చూస్తూ ఉంది. ఊళ్ళో చేసేశారని తమ్ముడి ఫోన్ వచ్చాక పక్క ఇంటి నుంచి నాతో కత్తి తెప్పించుకుంది. కాయ కోసి, కింద రాలిన బాదం ఆకు కడిగి అందులో ముక్కలు పెట్టి, నా భుజం పట్టుకుని చెట్టు దాకా నడిచి, దాని మొదలు దగ్గర ఆకు పెట్టి నీళ్ళు చల్లింది. తన భాషలో ఏదో చెప్పుకుంది. పేర్లు చెబుతోందని మాత్రం తెలిసింది. నేను అడగలేదు. మా జనం, ఊపిరి పీల్చుకోవడానికే పార్కుకి వచ్చే జనం, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

ఆ తర్వాత గొడవే గొడవ. ఎవరో ఉప్పూ కారం తెచ్చారు. ముక్క నోట్లో పెట్టగానే మొహాలన్నీ వంకర్లు పోయాయి. "అమ్మో, పులుపు!" "పండ్లు జివ్వుమన్నయ్!" షుగరు వాళ్ళు, బీపీ వాళ్ళు ఉప్పు అద్దుకుని మరీ తిన్నారు. ఉయ్యాల దగ్గర పిల్లలు మళ్ళీ మళ్ళీ వచ్చి చేయి చాపారు. అందరి చేతిలోనూ ముక్క పడిందని చుట్టూ చూసుకున్నాక అక్క తన ముక్క నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని నమిలింది. మిగిలిన కాయలు ఇంటికి ఇన్నని పంచుకున్నాం. ఆ ఏడు ప్రెసిడెంటు ఇంట్లో ఆవకాయ జాడీ సగమే నిండింది. ఆ సగంలోంచే నాకో గిన్నెడు వచ్చింది.

అంతా సర్దుకున్నాక ఆయన బోర్డు దగ్గర నిలబడి, "కొత్త అయిపోయిందిగా అమ్మా, ఇది ఇంక పీకించెయ్యమంటారా?" అని అక్కను అడిగాడు.

"ఎందుకు పీకుడు?" అంది అక్క. "శీతకాలం చిక్కుడు కొత్త ఉంటది గద. మన పార్కు కంచె పొడుగూత చిక్కుడు గింజలు పెడుదం. అప్పుడు మళ్ళ రాయించుడు ఎందుకు, గదే బోర్డు ఉండనియ్యున్రి."

నేను ఆమె మొహంలోకి చూశాను. వానలకు ముందే వెళ్ళిపోతానన్న మనిషి శీతకాలం అంటోంది. మన పార్కు అంటోంది. ఆమె చేయి పట్టుకుని, పాదు ఎక్కడ తవ్వితే ఎండ బాగా తగులుతుందో చూడడానికి కంచె వైపు నడిచాను.